లేని మచ్చ

"నేను పెట్టను."

అక్రమ్ పెన్నుకు మూత పెట్టి, కాగితాల మీద అడ్డంగా ఉంచాడు. విసిరెయ్యలేదు. విసిరేసి ఉంటే రేహానాకు కొంచెం తేలికగా ఉండేది. కోపానికి జవాబు చెప్పడం ఆమెకు వచ్చు.

"ఏం పెట్టవు?"

"సంతకం. ఎన్నిసార్లడిగినా ఇదే మాటక్కా."

వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న తల్లి వహీదా తలెత్తలేదు. పొద్దున్నుంచీ అక్కాతమ్ముళ్ల మాటలు ఆమె తల మీదుగానే అటూ ఇటూ పోతున్నాయి.

"రేపు సైనిక సంక్షేమం ఆఫీసుకి వెళ్ళి ఏం చెప్పమంటావు? మా తమ్ముడికి తండ్రి మెడల్ అక్కర్లేదటండీ అనా?"

"నీ ఇష్టం. టీచర్‌వి. చెప్పడం నీకొచ్చు."

"మచ్చ చూసినట్టు ఇంట్లోవాళ్ళొకరు, గాయం చూసినట్టు తోటి సిపాయి ఒకరు రాసివ్వాలి. వాళ్ళడిగింది అంతే. శ్రీలంకలో నాన్నతో పనిచేసిన శామ్యూల్ గారు కొల్లేట్లో ఎక్కడో ఉండి ఫోనులోనే సరేనన్నారు. కొడుకువి, నీకేమొచ్చింది?"

అక్రమ్ గోడ వైపు చూశాడు. గోడ మీద తండ్రి అబ్దుల్ సలాం యూనిఫాంలో ఉన్నాడు. ఛాతీ మీద రెండే పతకాలు. రెండూ సర్వీసులో ఉన్నవాళ్ళందరికీ వచ్చేవే. గాయపడ్డ సైనికుడికిచ్చే మూడోది అక్కడ ఉండాలని, అది ఎవరో గుమాస్తా నిర్లక్ష్యం వల్ల రికార్డుకు ఎక్కలేదని రేహానా నమ్మకం.

తండ్రి అంత్యక్రియల నాడు, జనాజా లేచేముందు, ఆమె ఆడవాళ్ళ మధ్య తలుపు వెనక నిలబడి ఉంది. మాజీ సైనికుల సంఘం నుంచి వచ్చిన పెద్దమనిషి సర్వీసు వివరాలు చూసి, "గాయపడ్డట్టు ఇందులో ఎక్కడా లేదేనండీ" అన్నాడు. ఎవరో "ఉంటే కదా" అన్నారు. మెల్లగానే అన్నారు. ఆ రెండు మాటలూ ఆమె చెవిలో అలాగే ఉండిపోయాయి. తండ్రి పోయిన దుఃఖం కంటే వాటితోనే ఆమెకు ఎక్కువ పని పడింది. అర్జీ పెట్టింది. సెలవులు పెట్టి తిరిగింది.

"సీటు కవర్ల మీద 'జై జవాన్' అని కుట్టి తాడేపల్లిగూడెం అంతా అమ్ముకుంటావు," అంది. "ఇంట్లో జవాను కోసం మాత్రం నీకు చెయ్యి లేవదు."

"అందరూ నీ క్లాసులో పిల్లలు కారక్కా, చెయ్యి చాపమంటే చాపడానికి."

"అక్రమ్," అంది తల్లి. అంతే అంది.

ఇంకో చిక్కుడుకాయ విరిచింది.

రేహానా గొంతు తగ్గించుకుంది. "ఆడపిల్లని. నాన్న తొడ మీద మచ్చ చూశానని నేనెలా రాస్తాను? నువ్వు చూశావు. చివరి స్నానం చేయించింది నువ్వూ, మసీదు నుంచి వచ్చిన పెద్దాయనా. చూశానని ఒక్క ముక్క రాయి. నిజమే కదా రాయమంటున్నాను."

"గుసుల్ చేయించినవాడు అక్కడ చూసింది బయట చెప్పకూడదు."

"చెడు కనబడితే చెప్పకూడదు. మంచి కనబడితే చెప్పమంటారు."

అక్రమ్ కాగితాలను ఆమె వైపు జరిపాడు.

తానన్న మాట రేహానాకే ఆలస్యంగా వినబడింది. చెడు కనబడితే చెప్పకూడదు. తమ్ముడు ఐదు నెలలుగా చెప్పడం లేదు.

తల్లి చేతులు ఆగిపోయాయి.

"ఏం చూశావు?" అని అడిగింది రేహానా.

"వదిలెయ్యక్కా."

"ఏం చూశావురా?"

అక్రమ్ లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. వెళ్ళిపోతాడనుకుంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మళ్ళీ తీసేసి, వెనక్కి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా గుడ్డ కప్పే ఉంచాలి. చేతికి గుడ్డ చుట్టుకుని, దాని కిందనుంచే కడగాలి. చూడకూడదు. తగలకూడదు. పెద్దాయన ముందే చెప్పారు." అతను తన అరచేతి వైపే చూస్తూ మాట్లాడుతున్నాడు. "ఆయన నీళ్ళ కోసం అటు తిరిగారు. చేతి గుడ్డ తీసేశాను. ఆ తూటా దెబ్బ ఒక్కసారి తాకాలనిపించింది. చిన్నప్పటి నుంచీ వింటున్నాను కదా. బతికుండగా చూపించమని అడిగే ధైర్యం లేకపోయింది. ఇంక ఎప్పటికీ దొరకదు కదా అనిపించింది."

"ఉందా?" అంది రేహానా.

"లేదక్కా. ఎడమ కాలు చూశాను. పొరబాటేమోనని కుడికాలు కూడా చూశాను. ఎక్కడా ఏమీ లేదు. నున్నగా ఉంది."

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ వెళ్ళాడు.

"మానిపోయి ఉంటుంది," అంది రేహానా.

"తూటా దూసుకుపోయిన చోట మాంసం పూడినా గుంట ఉంటుంది. నాకా మాత్రం తెలుసు. చెయ్యకూడనిది చేశాను, చూడకూడనిది చూశాను. ఇప్పుడు చూడనిది చూశానని కూడా రాయమంటావా?"

రేహానా తల్లి వైపు తిరిగింది. భర్త తొడ మీద మచ్చ ఉందో లేదో భార్యకు తెలియకుండా ఉండదు. ఇన్నాళ్ళూ అర్జీ పట్టుకుని తిరుగుతున్నది చూస్తూ, అన్నం వడ్డిస్తూ, ఎండలో పడి పోకమ్మా అంటూ ఈవిడ ఊరుకుంది.

"అమ్మా."

వహీదా చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆ తూటా మీ నాన్నకి మా అమ్మ తగిలించింది," అంది.

అమ్మమ్మ సబీహా కథ చెబితే వినాలి. జాఫ్నా దారిలో చీకటి, చెట్ల వెనక మాటు, దూసుకొచ్చిన తూటా, నెత్తురోడుతున్న కాలితో అల్లుడు. వాడలో అందరూ ఆ ముసలమ్మ నోటి నుంచే ఆ కథ నేర్చుకున్నారు. రేహానా కూడా అలాగే నేర్చుకుంది. ఏటా ఆగస్టు పదిహేనున తన బడి పిల్లలకు అలాగే చెప్పింది. ఒకసారి తండ్రిని వేదిక మీద కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆయన తన బూట్లవైపు చూస్తూ కూర్చుని, చివర్లో మైకు ఇస్తే, "బాగా చదువుకోండమ్మా" అని మాత్రం అని దిగిపోయాడు. ఎంత నిగర్వో చూశారా అని హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు.

ఇంట్లో కూడా అంతే. అమ్మమ్మ కథ మొదలుపెట్టగానే ఆయన లేచి సైకిలు తుడుచుకునేవాడు. తుడిచిన సైకిలునే మళ్ళీ తుడిచేవాడు.

ఆయన నోటితో ఒక్కసారైనా చెప్పాడా? రేహానా వెతుక్కుంది. తన చిన్నతనమంతా వెతుక్కుంది. ఒక్క మాట దొరకలేదు.

"ఎందుకమ్మా?"

"మా అన్నయ్య కోసం," అంది వహీదా. "నవాజ్ అన్నయ్యదీ మీ నాన్నదీ ఒకే యూనిట్టు. సంబంధం కుదిర్చిందే అన్నయ్య. తేదీ పెట్టుకున్నాక ఇద్దరూ శ్రీలంక వెళ్ళారు. ఒకే ట్రక్కులో ఉన్నారు. అన్నయ్య రాలేదు. మీ నాన్న కుంటుకుంటూ వచ్చాడు. ఒంటి మీద ఒక్క గాటు కూడా లేదు. మీవాడు పోయిన చోటి నుంచి చెక్కుచెదరకుండా వచ్చినవాడికి పిల్లనిస్తున్నారా అని వాడలో నలుగురూ నాలుగు మాటలన్నారు. మా అమ్మ ఒక పొద్దున బావి దగ్గర నిలబడి, మా అల్లుడికి తూటా తగిలిందండీ, చెప్పుకోడు అంది. అంతే. ఆ రోజు నుంచీ తగిలింది."

"నాన్న ఊరుకున్నాడా?"

"కొడుకు పోయిన మనిషి అంటుంటే కాదని ఎలా అంటాడు?"

"మరి ఆ కుంటడం?"

"ట్రక్కు బోల్తా పడి ఎముక విరిగిందన్నాడు. ఆ రోజు గురించి ఇంకేం అడిగినా లేచి వెళ్ళిపోయేవాడు. అడగడం మానేశాను."

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా? ఇన్ని ఆఫీసులు తిరిగాను."

వహీదా చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "వాళ్ళే లేదు పొమ్మంటారనుకున్నాను. నువ్వు ఏడ్చి ఊరుకుంటావనుకున్నాను. ఇంతదాకా వస్తుందనుకోలేదు."

రేహానా బల్ల మీది కాగితాలు మడతపెట్టింది. పెడుతూ పెడుతూ ఆగింది.

"శామ్యూల్ గారు కూడా ఆ రోజు నాన్నతోనే ఉన్నారుగా. తూటా లేదని ఆయనకు తెలుసు కదా. మరి చూశానని సంతకం ఎలా పెడతానన్నారు?"

అక్రమ్ తల్లి వైపు చూశాడు.

"శామ్యూల్ గారి దగ్గరికి కలిదిండి వెళ్తున్నాను," అంది రేహానా.

"నేనూ వస్తాను," అంది వహీదా. "ఆయన చేపలు పంపిన స్టీలు డబ్బా ఇక్కడే ఉండిపోయింది."

భర్త పోయాక ఇంటిపట్టునే ఉండాల్సిన ఇద్దత్ గడువు ముగిశాక ఆమె గుమ్మం దాటడం అదే మొదలు. ఖాళీ డబ్బా తిరిగివ్వడం ఆ ఇంట్లో లేదు. సేమ్యా పాయసం కాచి, డబ్బా నిండా పోసి, మూత బిగించి, పైన గుడ్డ కట్టుకుని బయల్దేరింది.

*

కైకలూరులో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నారు. దారికి రెండు వైపులా చెరువులే. మధ్యలో ఆటో పట్టేంత గట్టు. చెరువుల్లో పాతిన వెదుళ్ళకు మేత సంచులు వేలాడుతున్నాయి. ఎక్కడో గూడబాతులు లేచి, నీడ నీళ్ళ మీద పడి, మళ్ళీ దూరంగా వాలాయి. దారంతా వహీదా డబ్బాను ఒళ్ళో పట్టుకునే కూర్చుంది.

గట్టు మొదట్లోనే ఆటోవాడు ఆగిపోయాడు. రాత్రి వానకు మట్టి మెత్తగా ఉందన్నాడు.

"నువ్వెళ్ళిరా. జారుతుంది, నేనిక్కడుంటాను," అంది వహీదా.

శామ్యూల్ దోనె మీద ఉన్నాడు. సంచుల్లో తవుడు నింపుతున్నాడు. మనిషి నల్లగా, ఎండిన పుల్లలా ఉంటాడు. మెడ ఒక పక్కకు తిప్పలేడు. ఆ పక్క చెవి దగ్గర నుంచి భుజం దాకా చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. చిన్నప్పుడు రేహానా ఆ మెడ వైపు చూడటానికి భయపడేది. ప్రతి రంజానుకూ కొరమీను పట్టుకుని వచ్చేవాడు. తండ్రి పక్కన కూర్చుని తినేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు.

"టీచరమ్మా, సంతకం కోసం ఇంత దూరం వచ్చారా? నేనే వచ్చేవాణ్ణి కదమ్మా. వస్తే మీ అమ్మగారి చేతి కూరైనా దొరికేది."

అతను దోనె ఒడ్డుకు తెచ్చాడు. తాడు కట్టబోతుండగా రేహానా అడిగేసింది. ఇంకాసేపు ఆగితే అడగలేననిపించింది.

"నాన్నకి తూటా తగల్లేదండీ. తమ్ముడు చూశాడు. మచ్చ లేదు."

శామ్యూల్ తాడు కట్టడం ఆపలేదు. ముడి వేసి, సరిగా పడిందో లేదో లాగి చూసుకుని, అప్పుడు నిలబడ్డాడు.

"లేదమ్మా."

"మరి ఎందుకు రాసిస్తానన్నారు?"

"సలాం కూతురడిగింది. రాసిస్తానన్నాను. నువ్వు తూటా అన్నావు, తూటా అని రాస్తే గొడవ లేదనుకున్నాను."

"ఏం గొడవ?"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్న మొహాన్ని మళ్ళీ తుడుచుకున్నాడు. తండ్రి సైకిలు గుర్తొచ్చింది రేహానాకు.

"కూర్చోమ్మా."

ఆమె తవుడు బస్తా మీద కూర్చుంది.

"రికార్డులో ఎవరి తప్పూ లేదు. మీ నాన్నే అలా రాయించుకున్నాడు. కాలు జారి పడ్డాను అని. మందుపాతర పేలి ఎముక విరిగింది. తూటాయే అక్కర్లేదమ్మా, ఆ కాలికి కూడా నువ్వడుగుతున్న మెడల్ వస్తుంది. దాన్ని మించిందే వచ్చేది. మా ఆఫీసరు సాహసానికిచ్చే పతకానికి ఆయన పేరు రాశాడు. ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఆఫీసరుకి చేతులెత్తి దణ్ణం పెట్టి మీ నాన్న ఆపించాడు. నేను పక్క మంచం మీద ఉన్నాను. చూశాను."

రేహానాకు మొదట సంతోషమే కలిగింది. నిలువెల్లా కలిగింది. ఆ వెంటనే అది ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఎందుకు ఆపించాడు?"

"అలాంటివి ఇచ్చేటప్పుడు మైకులో చదువుతారు కదమ్మా. ఏం జరిగింది, ఎవరెవరున్నారు, ఎవర్ని కాపాడాడు." శామ్యూల్ నీళ్ళ వైపు తిరిగాడు. "నడుపుతున్నది మీ నాన్న. వెనక మేమిద్దరం. నేనూ నవాజూ. పేలగానే ట్రక్కు ఒక పక్కకి ఒరిగింది, ఆయన బయటికి పడ్డాడు. నిప్పంటుకుంది. ఆ విరిగిన కాలితో పాక్కుంటూ వెనక్కి వచ్చాడు. లోపలికి దూరాడు. నన్ను ఈడ్చుకుని బయట పడేశాడు. మళ్ళీ లోపలికి పోబోయాడు. టాంకు పేలింది."

"రెండోసారికి వీలు కాలేదు," అంది రేహానా. తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. "ఒక్కర్నే తేగలిగాడు. అందులో నాన్న తప్పేముందండీ? అమ్మకు చెప్పినా ఏమనేది కాదు."

శామ్యూల్ తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

"చెప్పండి."

"నేను లోపలి వైపున్నానమ్మా. గుమ్మం వైపు నవాజ్ ఉన్నాడు."

రేహానాకు వెంటనే అర్థం కాలేదు. ఒరిగిన ట్రక్కును మనసులో నిలబెట్టుకుంది. వెనక గుమ్మం. గుమ్మం దగ్గర మేనమామ. ఆయన అవతల శామ్యూల్. పాక్కుంటూ వస్తున్న తండ్రి. అప్పుడు అర్థమైంది.

"మామ మీదుగా దాటి వచ్చి మిమ్మల్ని..."

"అవును."

"ఎందుకు?"

"మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ అదే అడుగుదామని వచ్చేవాణ్ణి. తినేసి వెళ్ళిపోయేవాణ్ణి. ఒక్కసారి అడిగాను. సలాం లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఆ ఇంటి పిల్లనే చేసుకున్నాడు, ఆ ముసలమ్మ పక్కనే బతికాడు. ఏ నోటితో చెబుతాడు?" అతని గొంతు మామూలుగానే ఉంది. "ఇప్పుడు నువ్వు ఆ కాలి సంగతి కదిపితే ఆ రోజు రిపోర్టు మళ్ళీ తీస్తారు. మీ నాన్నకి రావలసింది వస్తుంది. దాంతోపాటు అది కూడా వస్తుంది. వద్దంటే నీ తూటా కాగితం మీద ఇప్పుడే సంతకం పెడతాను. నీ ఇష్టం తల్లీ. నాకు ఆయనిచ్చిన ప్రాణమిది. అబద్ధమైనా నిజమైనా ఎటు పెట్టమంటే అటు పెడతాను."

రేహానా సంచిలోంచి కాగితాలు తీయలేదు. సంచి మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. తూటా కావాలంటే తమ్ముడు అబద్ధం రాయాలి. నిజం కావాలంటే తల్లి వినాలి. రెండూ వద్దంటే, "ఉంటే కదా" అన్న ఆ మాట తండ్రి పేరు పక్కన అలాగే ఉండిపోతుంది.

"అమ్మకు తెలియకూడదండీ," అంది చివరికి.

శామ్యూల్ ఆమె వైపు చూడటం లేదు. తిరగని మెడతో, ఒళ్ళంతా తిప్పి, ఆమె వెనక గట్టు వైపు చూస్తున్నాడు.

రేహానా లేచి నిలబడి తిరిగింది.

వహీదా చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, చీలమండల దాకా బురదతో గట్టు మీద నిలబడి ఉంది. రెండో చేతిలో స్టీలు డబ్బా ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. మొహంలో ఏమీ లేదు. జనాజా లేచిన రోజున కూడా ఆ మొహం ఇలా లేదు.

"అమ్మా, ఆటోలో ఉంటానన్నావు కదా."

వహీదా కూతురి మాట విన్నట్టు లేదు. మెల్లగా, జారకుండా, వేళ్ళు మట్టిలో ఆనించుకుంటూ దిగివచ్చింది. డబ్బా శామ్యూల్ ముందు పెట్టింది. కట్టిన గుడ్డ సరిచేసింది.

"అన్నయ్యగారూ," అంది. ఇన్నేళ్ళుగా ఆయన్ను పిలిచే పిలుపే అది. "ఆయన దాటి వెళ్ళినప్పుడు మా నవాజ్ అన్నయ్య బతికే ఉన్నాడా?"

శామ్యూల్ డబ్బా వైపు చూశాడు. చెరువు వైపు చూశాడు. దోనె తాడు బిగుసుకుని వదులైంది.

"కూర్చో చెల్లెమ్మా," అన్నాడు.

వహీదా కూర్చోలేదు.

"నించునే వింటాను," అంది. "చెప్పండి."